కుళ్లాయప్ప చూసొచ్చిన రెండు కాలేజీలు

కుళ్లాయప్పకు ఒక జబ్బుంది. కంటికి ఏది కనబడినా అది ఎట్లా పనిచేస్తుందో అడగకుండా ఉండలేడు. బస్సెక్కితే కండక్టరు చేతిలోని టికెట్ మిషన్‌కు తర్వాతి స్టాపు పేరు ఎవరు చెబుతారని అడుగుతాడు. జమ్మలమడుగు బాలికల హైస్కూల్లో రిటైరయ్యేదాకా నేను సైన్సు చెప్పాను. క్లాసులో పిల్లలు అడగాల్సిన ప్రశ్నలన్నీ ఈ గొర్రెల కాపరి అడిగాడు. పొద్దున్నే మా వీధిలో మంద ఆపి, మేక కంట్లో పాప అడ్డంగా ఎందుకుందని కేకేసేవాడు. జవాబు తెలిస్తే చెప్పేదాన్ని, తెలియకపోతే కసిరి పంపేదాన్ని. మర్నాడు అదే ప్రశ్నతో మళ్లీ తయారు.

ఆయన సొంతూరు కొండాపురం వైపు. గండికోట ప్రాజెక్టు నీళ్లు ఊరి మీదికి వచ్చినప్పుడు అందరూ తలుపులూ దూలాలూ లారీలకెత్తుకుని పునరావాస కాలనీకి పోతే, ఈయన మందను తోలుకుని నడుస్తూ వచ్చాడు. కాలనీలో మనుషులకైతే జాగా ఇచ్చారు, గొర్రెలకు ఎవరిస్తారు? సగం అమ్ముకుని, మిగతావాటితో జమ్మలమడుగు పొలిమేరకు చేరాడు. ఇప్పుడు కాస్త కౌలు చేను, కాస్త మంద. భార్య చిన్నసుబ్బమ్మ కరోనా ఏడాదిలో మంచం దొరక్క ఆసుపత్రి వరండాలోనే పోయింది. ప్రపంచంలో అన్నిటి గురించీ అడిగే మనిషి ఆ సంగతి మాత్రం ఎవరితోనూ ఎత్తడు.

మిగిలింది కూతురు కవిత. తండ్రికి తగ్గ పిల్ల. చచ్చిన గొర్రెను పూడ్చేముందు కోసి, ఏం రోగంతో పోయిందో చూడడం కుళ్లాయప్ప అలవాటు. ఆయన కోస్తుంటే ఈ పిల్ల పక్కన గొంతుక్కూర్చుని ఊపిరితిత్తుల్ని పుల్లతో కదిలించి చూసేది. మర్నాడు నా క్లాసులో లేచి, పుస్తకంలో బొమ్మ తప్పుగా ఉందనేది. అలాంటి పిల్లకు నీట్‌లో మంచి ర్యాంకు వచ్చిందంటే నేనేమీ ఆశ్చర్యపోలేదు. కాకపోతే ఏడ్చాను, సంతోషంతో.

చిక్కు ఆ తర్వాత వచ్చింది. కవిత ర్యాంకుకు రెండు కాలేజీలు అందుతున్నాయి. ఒకదానికి పులివెందుల దాటి పోవాలి, ఒకదానికి ప్రొద్దుటూరు దాటి పోవాలి. ఊళ్ల పేర్లు చెప్పను. చెబితే రెండు ఊళ్లవాళ్లూ మా ఇంటి మీదికి వస్తారు. రెండూ సర్కారువే, రెండూ కొత్తవే, ఫీజు ఒకటే, చదువు ఒకటే, చివరికి గోడల రంగు కూడా ఒకటే. ఫోన్‌లో నింపే దరఖాస్తులో ఏది ముందు పెడితే ఆ సీటే ఖాయం, ఆ తర్వాత మార్చుకునే వీలుండదు. సలహాలకు కొదవేముంది? ఇంటర్ గట్టెక్కనివాళ్లు కూడా మెడికల్ కాలేజీల గురించి గంటలకొద్దీ చెప్పారు. అన్నీ విని కవిత తండ్రితో ఒకే మాట అంది, నువ్వు పోయి చూసి రా నాయినా, నువ్వు చెప్పిందే ముందు పెడతానని.

ఆయన నన్ను తోడు రమ్మన్నాడు. అచ్చం ఒకేలా ఉన్న రెండింటిలో తేడా ఎట్లా కనిపెడతాడో చూడాలని నాకూ కుతూహలంగా ఉంది. బస్సులో అడిగాను.

"కొత్త బీడుకు తోలేటప్పుడు మేము గడ్డి చూడం టీచరమ్మా," అన్నాడు. "ఆడ ముందునుంచీ మేస్తాండే గొర్రెల్ని చూస్తాం. దగ్గుతాండాయా, ముక్కు కారతాండాదా అని. జబ్బు మంద కనబడితే బీడు ఎంత పచ్చగున్నా వెనక్కి తిరుక్కుంటాం."

ఇందులో కాదనడానికి నాకేమీ కనబడలేదు.

మొదట పులివెందుల వైపు పోయాం. కాలేజీ, పక్కనే దాని ఆసుపత్రి, అంతా అద్దంలా ఉంది. జనానికి ఇంకా అలవాటు కాలేదేమో, వార్డుల్లో మంచాలు చాలావరకు ఖాళీగా ఉన్నాయి, దుప్పట్ల మడత కూడా నలగలేదు. కుళ్లాయప్ప వాచ్‌మన్‌ను పట్టుకుని లిఫ్టు ఎందుకు ఊగదని అడిగాడు. గోడలో పైపు చూపించి, ఆక్సిజన్ ఎక్కడినుంచి వస్తుందో చెప్పించుకున్నాడు. ఇద్దరు ఆడపిల్లలు పుస్తకాలతో ఎదురైతే వాళ్ల ముఖాలు పరీక్షగా చూసి, ఆరోగ్యంగా ఉన్నారని నా చెవిలో చెప్పాడు. నాకూ నచ్చింది. శుభ్రంగా ఉన్న చోటు ఎవరికి నచ్చదు?

మర్నాడు ప్రొద్దుటూరులో బస్సు మారి రెండోదానికి పోయాం. అక్కడ గేటు దగ్గరినుంచే జనం. ఆ చుట్టుపక్కల మండలాలన్నిటికీ ఆ ఆసుపత్రే దిక్కులా ఉంది. చీటీల వరస బయటి చెట్లదాకా వచ్చింది. వరండాలో చాపలు పరుచుకుని కొందరు, గోడకానుకుని కొందరు, దగ్గేవాళ్లు, మూలిగేవాళ్లు, పసిపిల్లల ఏడుపు. తెల్లకోట్ల పిల్లలు వాళ్ల మధ్య చోటు చేసుకుంటూ పరుగెడుతున్నారు. కుళ్లాయప్ప ఆ వరండా మొదట్లోనే నిలబడిపోయాడు. లోపలికి రమ్మంటే రాలేదు. ఎవరినీ ఏమీ అడగలేదు. ఆ మనిషి ప్రశ్న లేకుండా ఒక చోట నిలబడడం నేను మొదటిసారి చూశాను.

ప్రొద్దుటూరు బస్టాండులో టీ తాగాం. గ్లాసు కింద పెట్టి, "ఆడ నా బిడ్డను వదల్ను," అన్నాడు.

మేం తిరిగొచ్చేసరికి కవిత పాక కింద గొర్రెపిల్లలకు అవిశాకు వేస్తోంది. కుళ్లాయప్ప రెండు కాలేజీల సంగతీ పూసగుచ్చినట్టు చెప్పి, పులివెందుల వైపుది ముందు పెట్టమన్నాడు. నేను కూడా తలూపాను. కవిత చేతిలో మండ అట్లాగే పట్టుకుని, అక్కడ రోగులు ఎంతమంది ఉన్నారని అడిగింది.

"లేరనే చెప్పాల. బాగుండేది అందుకే గదా."

ఆ పిల్లకు నవ్వొచ్చింది. తండ్రి ముఖం చూసి ఆపుకుంది.

"మందలో జబ్బు పడిన గొర్రెల్ని వేరే కట్టేస్తావు గదా నాయినా. వాటికాడ ఎవరుంటారు?"

"నేనే. ఇంకెవరుంటారు?"

"నువ్వు నన్ను మందలో కలిపేసి చూసొచ్చినావు. నేను పోతాండేది మేసేదానికి కాదు నాయినా, కాసేదానికి."

నాకు చురుక్కుమంది. డాక్టరు చదువు రోగుల దగ్గర కాక ఇంకెక్కడ వస్తుంది? జీవితమంతా సైన్సు చెప్పినదాన్ని, దుప్పట్ల మడతలు చూసి మురిసిపోయి వచ్చాను. నా మీద నాకే ఒళ్లు మండింది.

కుళ్లాయప్ప ఒక గొర్రెపిల్లను దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత, కరోనా ఏడాది మొదలు నేనెన్నడూ ఆయన నోట వినని మాట అన్నాడు.

"ఆ వరండా మీ యమ్మ పండుకున్న వరండా మాదిరే ఉండాది పాపా. నాకు భయమైతాంది."

"నాకూ భయంగానే ఉండాది," అంది కవిత. "కానీ ఆ పొద్దు మనం పిలిస్తే పలికేదానికి ఒక్కరన్నా ఉంటే బాగుండునని ఆడ నిలబడి నువ్వే అంటివి గదా."

ఆయన లేచి పోతాడేమో అనుకున్నాను. పోలేదు. ఫోన్ తెమ్మన్నాడు. కవిత ప్రొద్దుటూరు వైపుదాన్ని ముందు పెడుతుంటే పక్కనే కూర్చుని చూశాడు. పని అయ్యాక, ఇక్కడ వేలితో తాకితే విజయవాడలో సీట్లిచ్చేవాళ్లకు ఎట్లా తెలుస్తుందని నన్ను అడిగాడు. ఆ ప్రశ్న వినగానే నా ప్రాణం కుదుటపడింది.

సీటు అక్కడే వచ్చింది. చేర్పించే రోజు నేనూ వెళ్లాను. కవిత కాగితాలు పట్టుకుని ఆఫీసులోకి పోతే వెంట నేనూ పోయాను. బయటికొచ్చి చూస్తే కుళ్లాయప్ప కనబడలేదు. వెతుక్కుంటూ ఆసుపత్రి వైపు పోతే, వరండాలో ఉన్నాడు. చాపల మధ్య నడుస్తూ ఒక్కొక్కరినీ ఏమైందని, ఎన్నాళ్లనుంచని, ఎక్కడ నొప్పి అని విచారిస్తున్నాడు. చివర గోడవారగా దువ్వూరు వైపు ముసలమ్మ ఒకామె చాప మీద కాళ్లు చాపుకుని ఉంది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. అంతా విని ఆయన, "మా పాప ఈ పొద్దే చేరిందవ్వా ఈడ," అన్నాడు. "రోంత ఓపిక పట్టు. అది చూస్తాది నిన్ను."

"ఎంతసేపప్పా?" అంది ముసలమ్మ.

"ఐదేండ్లు."

ఆమె ఆయన్ను ఎగాదిగా చూసింది. ఎగతాళి చేస్తున్నాడేమో అనుకున్నట్టుంది. ముఖంలో అదేమీ కనబడలేదు.

"సరేప్పా, ఉంటాలే అంతవరకు," అని కాళ్లు ముడుచుకుని, చాప మీద ఆయనకు చోటిచ్చింది. కుళ్లాయప్ప కూర్చున్నాడు.