రీలు లేదన్నాను

నేను ఎవరి సొమ్మూ తినలేదు. ఎవరి కొంపా కూల్చలేదు. అయినా ఒక మాట ఇన్నేళ్ళుగా నా లోపల అరగకుండా ఉండిపోయింది. చనిపోయిన మనిషి తన భార్యకు వేసిన ఒట్టును నేను అబద్ధం చేశాను. ఆమె వరండాలో కూర్చుని, ఆమె చేతి టీ తాగుతూ చేశాను. మా ఆవిడకు కూడా ఈ సంగతి తెలియదు. మీరెవరో నేనెరుగను, నేనెవరో మీరెరుగరు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాననుకుంటాను.

మాది ఒడిశాలోని బరంపురం. గేట్ బజార్‌లో బట్టల కొట్టు, తాతల నాటిది. పొద్దస్తమానం తానులు కొలిచి, చించి, మడతపెట్టే వాడికి ఏదో ఒక పిచ్చి ఉండాలి కదా. నాకు పాత కెమెరాల పిచ్చి. రీలు వేసి తీసేవి. చేతిలో ఫోను ఉండగా ఇదేం రోగమని ఇంట్లో అందరూ ఆట పట్టిస్తారు. పట్టించనీ. నాకు అన్నిటికంటే ముచ్చటైనది రేంజ్‌ఫైండర్ అనే రకం. అందులోంచి చూస్తే ఎదురుగా ఉన్న మనిషి రెండు బొమ్మలుగా కనిపిస్తాడు. లెన్సు తిప్పుతూ ఆ రెండూ ఒకటయ్యేదాకా ఓపిక పట్టాలి, అప్పుడు నొక్కాలి. నేనెరిగినంతలో మా ఊళ్ళో అలాంటిది ఒక్కరి దగ్గరే ఉండేది. అప్పన్న మాస్టారి దగ్గర.

మాస్టారంటే బడి మాస్టారు కాదు, ఫోటో మాస్టారు. స్టూడియో నడిపేవారు, పెళ్ళిళ్ళకు వెళ్ళేవారు. నా పెళ్ళి ఫోటోలు తీసింది ఆయనే. ఆ రోజుల్లో రీలుకు ముప్పై ఆరు బొమ్మలు. పెళ్ళికి వచ్చిన ప్రతి చుట్టానికీ పెళ్ళికొడుకు పక్కన నిలబడి ఫోటో కావాలి, కాదంటే అలుగుతాడు. అందుకని ఫోటోలు తీసేవాళ్ళకు ఒక చిట్కా ఉండేది. కెమెరా ఎత్తి, నవ్వమని చెప్పి, ఫ్లాష్ ఒక్కటే వెలిగించేవారు. రీలు కదిలేది కాదు. చుట్టం తృప్తిగా భోజనాల వైపు వెళ్ళిపోయేవాడు. దాన్ని మేం ఉత్తి ఫ్లాష్ అనేవాళ్ళం. అందులో మాస్టారిది అందె వేసిన చెయ్యి. ఛత్రపూర్ కోర్టులో గుమాస్తాగా చేసిన మా పెదమామయ్య నా పెళ్ళిలో రెండుసార్లు సిల్కు కండువా సర్దుకుని మరీ నిలబడ్డాడు, రెండూ ఉత్తివే. ఆల్బమ్‌లో తన మొహం లేదని బతికినంత కాలం నన్నే సాధించాడు.

మాస్టారు పోయిన కొన్ని నెలలకు ఆయన భార్య పైడమ్మ పిన్ని నాకు కబురు పెట్టింది. పిన్ని అంటే చుట్టరికం ఏమీ లేదు, చిన్నప్పటి నుంచీ అలా పిలవడం అలవాటు. మా ఊళ్ళోనే, లంజిపల్లిలో కొడుకు దగ్గర ఉంటోంది. మాస్టారి చిన్న కెమెరా అమ్మేస్తుందట. భువనేశ్వర్ నుంచి ఇంకెవరో కూడా అడుగుతున్నారని కొడుకు ఫోన్‌లో చెప్పాడు. ఆ ఒక్క మాటా నా బుర్ర పాడు చేసింది. కొట్టు వదిలేసి స్కూటర్ ఎక్కాను.

పిన్ని నన్ను వరండాలో కూర్చోబెట్టి కెమెరా నా చేతిలో పెట్టింది. ధర దగ్గర పేచీ లేదు, నీకు తోచింది ఇయ్యమంది. ఒక్కటే షరతు. లోపల రీలు ఉంటుంది, అది కడిగించి అందులో వచ్చిన ఫోటోలు తనకివ్వాలి. ఎందుకో కూడా చెప్పింది. జబ్బు పడ్డాక ఒంట్లో కాస్త ఓపిక చిక్కిన ఒక పొద్దున, మాస్టారు కొత్త రీలు వేసి ఆమెను పెరట్లో నిలబెట్టి ఫోటోలు తీశారట. ఊరందరికీ తీశాను గాని నీకు సరైనది ఒక్కటీ తీయలేదే అన్నారట. పెళ్ళిళ్ళలో ఆయన చేతివాటం చూసిన మనిషి కదా, పిన్ని నమ్మలేదు. రీలుందా, ఉత్తిదేనా అని అడిగింది. మాస్టారు ఆమె తల మీద చెయ్యి పెట్టి, రీలుందని ఒట్టేశారు. మిగతా బొమ్మలు కూడా తీసి, రీలు పూర్తయ్యాక కడుగుతానన్నారు. ఆ తర్వాత పెరట్లో చెట్టూ చేమా ఏవో కొన్ని తీశారు గాని, పూర్తి చేయకుండానే పోయారు.

ఇదంతా చెప్పి, టీ పెడతానని లోపలికి వెళ్ళింది.

ఇక నేను చేసింది చెప్పాలి. పాత కెమెరా కొనేవాడు లోపలి గుడ్డ తెర, అదే షట్టర్, చూసుకోవాలి. దానికి సూది మొనంత చిల్లి ఉన్నా ప్రతి ఫోటో మీదా మచ్చ పడుతుంది. అది చూడాలంటే వెనక తలుపు తెరవాలి. తెరిచే ముందు, రీలు వెనక్కి చుట్టే పిడిని కాస్త తిప్పి చూడాలి. బిగువు తగిలితే లోపల రీలున్నట్టు, తలుపు జోలికి పోకూడదు, వెలుతురు తగిలితే తీసిన బొమ్మలు పోతాయి. ఇది నాకు తెలియదా? కొత్తగా నేర్చుకునే వాళ్ళకు నేనే చెబుతాను. పైగా పిన్ని అప్పుడే కదా చెప్పి వెళ్ళింది. మరి ఎందుకు తెరిచాను? ఆమె చెబుతున్నంత సేపూ నేను ఊ కొడుతూనే ఉన్నాను, కానీ కళ్ళు కెమెరా మీదే ఉన్నాయి, తెరకు చిల్లి ఉంటే భువనేశ్వర్ వాడికే పోనీ అనుకుంటున్నాను, లేకపోతే ఆమె మనసు మారేలోగా పట్టుకుపోవాలనుకుంటున్నాను, ఈ ఆత్రంలో వేళ్ళు వాటి పని అవి చేసేశాయి. తలుపు తెరుచుకుంది. వరండా నిండా ఎండ. లోపల చుట్ట మీద నున్నగా రీలు.

టక్కున మూసేశాను. మూస్తే మాత్రం ఏం లాభం? వెలుతురు తగలాల్సింది తగిలేసింది.

పిన్ని టీ గ్లాసుతో వచ్చింది. "సూసావా బాబూ? రీలుందేటి?" అంది.

నిజం చెప్పి ఉంటే ఏమయ్యేది? తిట్టేది. ఏడ్చేదేమో. కెమెరా ఇవ్వకపోయేది. అంతకంటే ఏమీ అయ్యేది కాదు, ఇప్పుడు ఎటు తిప్పి ఆలోచించినా అంతే. కానీ అప్పుడు నాకు కనిపించింది ఒక్కటే, కెమెరాలు తెలిసినవాణ్ణని పేరున్న నేను ఇంత తెలివితక్కువ పని చేశానని లంజిపల్లిలో అంతా చెప్పుకుంటారని.

"లేదు పిన్నీ. కాళీగా ఉంది," అన్నాను.

"సరిగ్గా సూడు బాబూ. నా తల మీద సెయ్యెట్టి సెప్పాడు."

"సూసాను పిన్నీ. రీలు లేదు."

ఆమె నవ్వింది. "అయితే నాకూ ఉత్తిదే కొట్టాడన్నమాట," అంది. మళ్ళీ తనే, ఒడియాలో సరేలే అన్నట్టు, "హఉలే, అలవాటైన సెయ్యి కదా. టీ సల్లారిపోతంది, తాగు," అంది.

తాగాను. తోచిన డబ్బు ఆమె చేతిలో పెట్టి, కెమెరా సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి ఆ రీలు చుట్టి, విశాఖపట్నంలో ఇంకా రీళ్ళు కడిగే ఒకాయనకు పంపించాను. ఎందుకు పంపానంటే, అన్నీ పాడైపోయి ఉంటే నా అబద్ధానికి కొంతైనా అర్థం ఉంటుందని. చూశారా నా బుద్ధి. కానీ అన్నీ పాడవలేదు. చివర తీసినవన్నీ పోయాయి. మొదట తీసినవి అడుగు చుట్లలో ఉంటాయి, పై చుట్లు వాటిని కొంత కాపాడాయి. ఒక బొమ్మ బాగానే వచ్చింది. ఒక అంచు తెల్లగా కాలిపోయినట్టుంది గాని, మొహం ఉంది. పెరట్లో పైడమ్మ పిన్ని, తడి జుట్టు ఆరబోసుకుని, ఇక చాల్లే అన్నట్టు చెయ్యి ఎత్తి నవ్వుతోంది. ఆ మనిషి అంత అందంగా ఉంటుందని నేనెప్పుడూ గమనించలేదు. మాస్టారు గమనించారు.

ఇవ్వాల్సింది. ఆ సాయంత్రమే తీసుకెళ్ళి ఇవ్వాల్సింది. రీలు లేదని రెండుసార్లు చెప్పిన నోటితో ఇదిగో ఫోటో అని ఎలా అనను? వేరే డబ్బాలో దొరికిందని చెబుదామా అనుకున్నాను. అబద్ధం మీద ఇంకో అబద్ధం. ఇవాళ కాదు, పండగ వెళ్ళాక, కొట్టు రద్దీ తగ్గాక అనుకుంటూ ఏళ్ళు గడిపేశాను. రీలు పాడు చేయడం పొరపాటు, దానికి నన్ను నేను ఎలాగో ఓర్చుకోగలను. ఇది పొరపాటు కాదు.

ఒకసారి వాళ్ళ మనవరాలి ఓణీల వేడుకకు పిలిచారు. ఫోటోలు తీసే కుర్రాడు హడావిడి చేస్తుంటే పిన్ని అందరికీ చెప్పి నవ్వించింది, మా ఆయన ఊరందరినీ మోసం చేసి చివరికి నన్నూ చేశాడని. నేనూ నవ్వాను. తర్వాత విస్తరి ముందు నా పక్కనే కూర్చుని, గొంతు తగ్గించి, ఉత్తిదైనా బాధ లేదు బాబూ, ఒట్టెందుకెయ్యాలి అంది. అప్పుడు ఆమె నవ్వడం లేదు. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

ఈమధ్యే పిన్ని పోయింది. పన్నెండో రోజున వెళ్ళాను. కుర్చీలో పటం పెట్టి దండ వేశారు. ఆధార్ కార్డు మీది బొమ్మ పెద్దది చేయించారు. మొహం అలికేసినట్టుంది, ఎవరో చెబితే తప్ప ఆమె అని తెలియదు. ఫోటోగ్రాఫర్ పెళ్ళాం అయ్యుండి అమ్మకు ఒక్క మంచి ఫోటో లేకపోయిందని కొడుకు నాతోనే అన్నాడు. నా చేతిలో పూలున్నాయి. ఆ పటం ముందు పూలు వేసి, దండం పెట్టి, భోజనం చేసి వచ్చాను. నాలాంటి వాణ్ణి ఏమనాలో మీరే అనండి.

కొడుక్కి ఆ ఫోటో ఇవ్వాలి. ఇస్తానని ఇక్కడ రాసేస్తే బాగానే ఉంటుంది, కానీ నా సంగతి నాకు తెలుసు, ఆ మాట మీకు ఇవ్వలేను. నన్ను క్షమించమని కూడా అడగను. క్షమించాల్సిన ఇద్దరూ లేరు. ఇంత రాశాను కదా. ఆ రోజు వరండాలో అనాల్సిన మాట ఇప్పటికైనా అంటాను.

రీలుంది పిన్నీ. మాస్టారు నిన్ను నిజంగానే తీసారు. నువ్వు నవ్వుతున్నావు.