మా మేనత్త కాల్చిన ఆలుదుంపలు

పోయిన ఆదివారం మా కోడలు కొత్తగా కొన్న ఓవెన్‌లో ఆలుదుంపలు కాల్చింది. నేను వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చున్నాను. దుంపల్ని కడిగి, తడి లేకుండా తుడిచి, ఫోర్కుతో అక్కడక్కడా పొడిచి, నూనే ఉప్పూ పట్టించి లోపల పెట్టింది. గంట దాటాక పొట్టు కరకరలాడుతూ బయటికొచ్చాయి. ఒక్కొక్కదాన్నీ మీద అడ్డంగా, నిలువుగా కోసి రెండు పక్కలా నొక్కేసరికి లోపలి గుజ్జు తెల్లగా విచ్చుకుంది. దాని మీద వెన్న, తురిమిన చీజు, ఉడికించిన రాజ్మా, సన్నగా తరిగిన ఉల్లికాడలు వేసి, ప్లేటు నా చేతిలో పెడుతూ, "పొట్టుతోనే తినాలి అత్తయ్యా. బలమంతా పొట్టులోనే ఉంటుందట. ఫోన్లో ఒక డాక్టరుగారు చెప్పారు" అంది.

పాపం, ఆ పిల్ల ప్రేమగానే అంది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ప్లేటు బల్ల మీద పెట్టేసి పెరట్లోకి వెళ్ళిపోయాను. తానేం తప్పు చేసిందో తెలియక కోడలు బిక్కమొహం వేసింది. ఆ కోపం తన మీద కాదని చెప్పడానికి నాకు ఆ పూట నోరు రాలేదు. అందుకే ఇది రాస్తున్నాను. నా ఈడు వాళ్ళకు, ముఖ్యంగా మా కొండల్లో పుట్టి ఏదో చిన్న ఉద్యోగం చేసినవాళ్ళకు, సగం చెప్పకుండానే అర్థమవుతుంది.

ఇప్పుడు అరకులో ఉంటున్నాం గాని, మాది పెదబయలు నుంచి ఇంకా లోపలికి, రెండు గెడ్డలు, అంటే కొండవాగులు, దాటి నడిచి వెళ్ళాల్సిన ఊరు. మా మేనత్తకు పెళ్ళయిన ఏడాదికే భర్త పోతే పుట్టింటికి తిరిగొచ్చేసింది. అమ్మా నాన్నా పోడు పనికి కొండెక్కితే నన్ను ఎత్తుకుని పెంచింది తనే. చదువుకోనని నేను ఏడుస్తుంటే భుజాన వేసుకుని రెండు గెడ్డలూ దాటించి హాస్టల్లో దింపింది తనే. ఊళ్ళో పదో తరగతి పాసైన మొదటి ఆడపిల్లను నేను. అందుకని మా ఊరికి పిల్లల బాలవాడి వచ్చినప్పుడు టీచరు ఉద్యోగం నాకిచ్చారు. వండి పెట్టే ఆయాగా మా అత్తను పెట్టారు. తడికల గోడలు, రేకుల కప్పు, పాతికమంది పిల్లలు. పిల్లలకు పాటలు నేర్పడం నా పని, వాళ్ళ కడుపు చూడడం అత్త పని. నిజానికి నా పాటల కోసం ఒక్క పిల్లా వచ్చేది కాదు.

ఆ ఏడు శ్రావణంలో పట్టిన వాన వదల్లేదు. గెడ్డలు పొంగి దారి తెగిపోయింది. కింద నుంచి రావలసిన పిండి సంచులు, నూక సంచులు రాలేదు. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. డబ్బాల అడుగు గోకి వండింది కూడా అయిపోయింది. పిల్లల్ని ఇళ్ళకు పంపించేద్దామని నేనంటే అత్త ఒప్పుకోలేదు. "ఇల్లకెల్లి ఏటి తింటారే? అమ్మలంతా నాట్లకెల్లిపోయినారు" అని, సాయంత్రం మా దొడ్డి వెనకున్న మడిలో ఆలుదుంపలు తవ్వి బుట్ట నింపుకొచ్చింది.

ఆ మర్నాటి నుంచి తను దుంపలు కాల్చిన తీరు నాకు నిన్న చూసినట్టుంది. గుప్పిట్లో పట్టేంత దుంపల్నే ఏరేది. మరీ పెద్దవైతే లోపల పచ్చి ఉండిపోతుందనేది. మట్టి దులిపి గోనెగుడ్డతో తుడిచేది. నిప్పుల మీద పెట్టేది కాదు. నిప్పుల్ని పక్కకు తోసి, కింద మిగిలిన వేడి బూడిదలో కప్పెట్టేది, మీద మళ్ళీ పలచగా నిప్పులు పరిచేది. వెదురు పుల్ల గుచ్చితే సులువుగా దిగాలి, అప్పుడు తీసేది. బూడిద దులిపి రెండు అరచేతుల మధ్య నొక్కేసరికి దుంప పగిలి పొగ వచ్చేది. ఆ పగులులో ఉప్పు, వెల్లుల్లి, ఎండుమిరపకాయ వేసి దంచిన వలిసెల పొడి చల్లేది. దాని మీద, పోయిన పంటలో దాచుకున్న రాజ్మా గింజలు మెత్తగా ఉడికించి ఒక గరిటెడు వేసి, అడ్డాకులో పెట్టి ఇచ్చేది. వలిసెలంటే, ఇప్పుడు చలికాలంలో జనం కార్లేసుకుని వచ్చి ఫొటోలు తీసుకుంటారే, ఆ పసుపు పూల చేలు. ఆ పూలు గింజ కడతాయని, ఆ గింజ నూనె తాగి, పొడి తిని మేం పెరిగామని ఆ ఫొటోలు దిగేవాళ్ళలో ఎందరికి తెలుసో!

పిల్లలు పొట్టు వలిచేస్తుంటే అత్త కసిరేది. "పొట్టు పారెయ్యకండర్రా, బలమంతా పొట్టులోనే ఉంటాది!" ఆ మాట ఏ డాక్టరూ తనకు చెప్పలేదు. వాళ్ళమ్మ చెప్పింది. మూడు వారాలు, ఒక్క రోజు తప్పకుండా, మా సొంత మడిలో దుంపలతో పాతికమంది పిల్లల్ని నిలబెట్టింది.

గెడ్డ తగ్గిన మర్నాడే, పిండి సంచుల కంటే ముందు, మా పై అధికారి వచ్చింది. కింద మైదానం నుంచి వచ్చిన మనిషి. కాళ్ళకు బురద అంటిన చిరాకులో ఉంది. ఆవిడ అడుగుపెట్టేసరికి పిల్లలంతా వరుసగా కూర్చుని తింటున్నారు. మూతులకు, చేతులకు మసి. అత్త పొయ్యి దగ్గర బూడిదలోంచి దుంపలు తీస్తోంది.

"ఏమిటిది? ఈ మసి చేతులతోనా పిల్లలకు పెడుతున్నావు? పందులకు పెట్టే దుంపలు పిల్లలకు పెట్టమని ఎవరు చెప్పారు నీకు?"

తన తల్లి వయసున్న మనిషిని పట్టుకుని "నువ్వు" అంది. అత్త లేచి నిలబడి, సామాను రాలేదని, పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారని చెప్పబోయింది. ఆవిడ వినలేదు. బుట్టను కాలితో తోసింది. దుంపలు దొర్లుకుంటూ వాకిట్లోకి, అక్కడి నుంచి బురదలోకి పోయాయి. ఒక చిన్నపిల్ల పరిగెత్తి వెళ్ళి ఒకటి ఏరుకుని పావడాలో దాచుకుంది. అది కూడా ఆవిడ లాక్కుని పారేసింది.

తర్వాత నా వైపు తిరిగి కాగితం తీసుకోమంది. ఆవిడ చెబుతుంటే నేను రాశాను: ఆయా నా అనుమతి లేకుండా, మురికి చేతులతో, తినడానికి పనికిరాని దుంపలను పిల్లలకు పెట్టినది. కింద సంతకం పెట్టమంది. పెట్టకపోతే నీ ఉద్యోగం కూడా ఉండదంది. నాకు అప్పుడు ఇరవై ఏళ్ళు. వచ్చిన మొదటి ఉద్యోగం. పెట్టాను. అత్త పొయ్యి దగ్గరే నిలబడి చూస్తోంది. చదువు రాదు గనక నేను రాసిందేమిటో తనకు తెలియదు. ఆ పూటే తనను రావద్దన్నారు.

ఇంటికొచ్చాక నాలుగు రోజులు అత్త ఏమీ అడగలేదు. నాకు అన్నం పెట్టింది, జడ కూడా వేసింది. ఐదో రోజు వాకిట్లో చిక్కుళ్ళు వలుస్తూ, మామూలుగా అడిగినట్టే అడిగింది.

"ఆ కాయితంలో ఏటి రాసినావే గుంటా? సదివి ఇనిపించు."

కాగితం నా దగ్గర లేదన్నాను. "నువ్వు రాసిందే గదా, గెవనం లేదా?" అంది. గుర్తుంది. ప్రతి అక్షరమూ గుర్తుంది. తల వంచుకుని చెప్పాను. అత్త చేతిలో పని ఆపలేదు.

"ఇంకోపాలి సెప్పు."

మళ్ళీ చెప్పాను. అత్త వలిచిన గింజల్ని చాటలోకి తోసింది.

"పనికిరాని దుంపలు తినే గదే నువ్వు ఇంతయినావు" అంది. అంతే. తర్వాత ఆకాశం వైపు చూసి, "బేగి లోపలికెల్లు, వానొత్తాది" అంది.

తిట్టి ఉంటే, నాలుగు దెబ్బలు వేసి ఉంటే ఈ పాటికి మర్చిపోయేదాన్ని.

పిండి సంచులు వచ్చాయి. విప్పితే సగం పురుగు. కొత్త ఆయా జల్లించి వండింది. పిల్లలు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని లేచిపోయారు. రెండో రోజు నుంచి బాలవాడికి రావడమే మానేశారు. ఎక్కడికి పోతున్నారా అని చూస్తే మా ఇంటి వాకిట్లో, అత్త పొయ్యి చుట్టూ కూర్చున్నారు. ఎవరూ తనకు ఉద్యోగం ఇవ్వలేదు, తనూ ఎవర్నీ అడగలేదు. మూడు రోజులు నేను ఖాళీ పాకలో ఒక్కదాన్నీ కూర్చున్నాను. నాలుగో రోజు తలుపు గొళ్ళెం పెట్టి, హాజరు పుస్తకం చంకన పెట్టుకుని మా వాకిట్లోకే వచ్చి నిలబడ్డాను. అత్త నన్ను చూసి రోలు వైపు గడ్డం ఆడించి, "ఊరికే నిలబడిపోతావేటి, ఆ వలిసెలు దంచు" అంది. దంచాను. మా మధ్య జరిగిన రాజీ అంతే.

ఆ వారమే ఇంకో కాగితం రాశాను, ఈసారి ఎవరూ చెప్పకుండా. నేను రాసింది అబద్ధమని, మా అత్త చేతులు శుభ్రమైనవని, సామాను రాని రోజుల్లో పిల్లలు ఆకలితో పోకుండా కాపాడింది తనేనని రాసి, నడిచి వెళ్ళి పై ఆఫీసులో ఇచ్చాను. దానికి ఇప్పటిదాకా జవాబు లేదు. అత్తను మళ్ళీ తీసుకోలేదు. నన్ను మాత్రం ఉంచారు. పదవీ విరమణ దాకా ఆ ఉద్యోగమే చేశాను. ఆ జీతంతోనే పెళ్ళయింది, పిల్లలు చదువుకున్నారు. నా కోపంలో సగం ఆ అధికారి మీదైతే, సగం నా మీద. అత్త పోయి చాలా ఏళ్ళయింది.

ఉద్యోగం చివరి రోజుల్లో మాకొక శిక్షణ పెట్టారు. గోడ మీద రంగురంగుల పటాలు. దుంపలు పొట్టుతో తినాలట, రాజ్మాలో మాంసకృత్తులట, వలిసెల్లో ఇనుమట. చెబుతున్న కుర్రాణ్ణి ఆపి, లేచి నిలబడి, ఇవన్నీ పెట్టినందుకే మా అత్తను గెంటేశారని చెప్పాను. మొత్తం చెప్పాను. విని అందరూ చప్పట్లు కొట్టారు. ఆ కుర్రాడు "చాలా స్ఫూర్తిదాయకం, మేడం" అని, భోజనాలకు వేళయిందన్నాడు. నాకు చప్పట్లు కాదు కావలసింది. తప్పు చేశామని ఒక్కరైనా అంటారేమోనని చూశాను.

మొన్నామధ్య మా ఊరు వెళ్ళొచ్చాను. గెడ్డల మీద వంతెనలు పడ్డాయి, ఆటో వాకిట్లోకే వస్తోంది. సంతోషమే. కానీ కొట్టు ముందు దండల్లా వేలాడుతున్న చిప్సు పొట్లాలు కొనుక్కుని పిల్లలు బడికి పోతున్నారు. ఇళ్ళల్లో గ్యాసు పొయ్యిలు వచ్చాయి, మంచిదే, ఆడవాళ్ళ కళ్ళు బాగుపడ్డాయి. ఒక పిల్లను పట్టుకుని వలిసెల పొడి తిన్నావా అని అడిగితే, అదేమిటని నన్నే అడిగింది. అరకులో పెద్ద హోటళ్ళలో మాత్రం దొరుకుతుందట, గిరిజన వంటకమని బోర్డు పెట్టి.

ఒకప్పుడు మా తిండి చెడ్డదని కింద నుంచి వచ్చి చెప్పారు. తల వంచుకుని విన్నాం. ఇప్పుడు మంచిదని మళ్ళీ కింద నుంచే వచ్చి చెబుతున్నారు. తల ఊపుతూ వింటున్నాం. ఈ రెంటికీ మధ్య, మీరేం తింటారమ్మా, ఎందుకు తింటారు అని మమ్మల్ని అడిగి ఉంటే చెప్పగలిగినవాళ్ళు మా ఊళ్ళో ఇంటికొకరుండేవారు. ఇప్పుడు ఎవరైనా వచ్చి అడిగినా, చెప్పడానికి వాళ్ళు లేరు.