రెండువందల పన్నెండుసార్లు తెరిచిన మెయిలు

ఆఫీసులో అందరూ ఆమెను ఎందుకమ్మ అనేవారు. ఏం చెప్పినా "ఎందుకు?" అని అడగందే ఊరుకునేది కాదు మరి. అంతకుముందు ఎనిమిదేళ్ళు కొట్టుకొట్టుకీ తిరిగి తూకం మిషన్లు అమ్మిన మనిషి. ఇప్పుడు అమ్మేది కంటికి కనిపించని సరుకు, క్లౌడ్. ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్లను ఇంటర్నెట్ మీదుగా అద్దెకివ్వడమన్నమాట. చిన్న ఊళ్ళలో పనిచేసే కంప్యూటర్ ఇంజనీర్లకు దాని రుచి చూపించడం ఆమె ఉద్యోగం. అందుకని వారానికో పాఠం రాసి వాళ్ళకి మెయిలు చేసేది.

ఆరువేలమందికి పంపితే ఓ మూడొందలమంది తెరవడమే గొప్ప. అలాంటిది ఒక అడ్రసులో ఒకే పాఠం రెండువందల పన్నెండుసార్లు తెరుచుకుంది. అక్కణ్ణుంచి క్లౌడ్‌లో తెరిచిన ఖాతా మాత్రం ఒక్కటీ లేదు.

"లెక్కలో ఏదో పొరపాటై ఉంటుంది, వదిలెయ్," అన్నాడు మేనేజరు.

వదిలేస్తే నిద్ర పట్టొద్దూ? ఆ అడ్రసువాళ్ళ నంబరు వెతికి ఫోన్ చేసి, వస్తున్నానని చెప్పి, మర్నాడు పొద్దున్నే బస్సెక్కింది.

అదొక సరుకు రవాణా కంపెనీ. లారీలు ఆగే ఆవరణ దాటాక, మెట్లకింద గదిలో సర్వర్లు రొద పెడుతున్నాయి. ఏసీ కారే చోట బకెట్ పెట్టారు. ఆ సర్వర్లను చూసుకునే ఆయనకు యాభై ఉంటాయి. నలుగురికీ పాఠాలు చెప్పే అలవాటుంది కాబట్టి మాస్టారంటారు. కుర్చీ తుడిచి వేశాడు.

"రండమ్మా. ఆ పాఠాలు రాసేది మీరా? మేమెవరో మీసాలాయన అనుకున్నాం."

"ఒకే పాఠం అన్నిసార్లు ఎందుకు చదివారు మాస్టారూ?"

"నేనొక్కణ్ణే కాదమ్మా. ఈ వీధి ఆఫీసుల్లో ఈ పని చేసేవాళ్ళం పదకొండుమందిమి. మా అందరికీ కలిపి ఒకటే మెయిలు. సాయంత్రం పని దిగి ఒక్కొక్కరే వచ్చి చదువుకుంటారు. బుర్రకెక్కనిచోట మళ్ళీ తెరుస్తారు."

ఆమె ఆ సంగతి పుస్తకంలో రాసుకుంది. అయినా నోరు ఊరుకుంటేగా. "మరి ఖాతా ఎందుకు తెరవలేదు? మొదటి నెల ఉచితమే కదా."

మాస్టారు మొహమాటంగా నవ్వి, కీబోర్డు ఆమెవైపు జరిపాడు. "మీరే తెరిచి చూడండి."

పేరు, ఫోను, అడ్రసు అన్నీ నింపింది. నాలుగో పేజీ విదేశాల్లో చెల్లే క్రెడిట్ కార్డు నంబరు అడిగింది. తన కార్డు నంబరే ఇచ్చింది. చెల్లదంది. మళ్ళీ ఇచ్చింది. మళ్ళీ అదే మాట. రెండేళ్ళుగా క్లౌడ్ గురించి ఊదరగొడుతున్నా, ఆమె ఖాతా ఆఫీసువాళ్ళే తెరిచి చేతికిచ్చారు. ఆ గడప ఆమె ఏనాడూ తొక్కలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"ఇది నాకు తెలీదు మాస్టారూ," అంది.

"తెలిసినవాళ్ళు ఇంతదూరం రారమ్మా," అన్నాడాయన మెల్లగా.

తిరిగొచ్చి మేనేజరుకు పూస గుచ్చినట్టు చెప్పింది. ఆయన పెదవి విరిచాడు. "కార్డే లేనివాళ్ళు ఏం కొంటారు?"

"వాళ్ళు కొనరు సార్. వాళ్ళ ఆఫీసులు కొంటాయి. ఏది కొనాలో యజమానుల చెవిలో వేసేది వీళ్ళేగా."

గీచి గీచి బేరమాడితే మూడు నెలలపాటు చూద్దామని ఒప్పుకున్నాడు. కార్డు అక్కర్లేకుండా ఫోను నంబరు మీదే ఖాతా. మొదటి నెల నూటనలభై తెరుచుకున్నాయి. అందులో సగం మళ్ళీ ఎవరూ తొంగిచూడలేదు. ఒకాయన క్లౌడ్‌లో అద్దె కంప్యూటర్ని ఆన్ చేసి మరిచిపోతే అది పదిరోజులు కంపెనీ ఖర్చుతో ఊరికే నడిచింది, మేనేజరు ఎందుకమ్మను దులిపేశాడు. మూడో నెలకి మాస్టారి బృందంలోని ఇద్దరి ఆఫీసులు క్లౌడ్ తీసుకున్నాయి. మాస్టారి ఆఫీసు మాత్రం తీసుకోలేదు. సర్వర్ చెవి పక్కన రొద పెడుతుంటేనే ఆ యజమానికి ధైర్యమట. కార్డు లేని ఖాతా పద్ధతి మాత్రం గడువు దాటాకా కొనసాగింది. అది తన ఆలోచనేనని మేనేజరు మీటింగుల్లో చెప్పుకుంటాడు. ఆమె పట్టించుకోదు.

ఆ వీధికి మళ్ళీ వెళ్ళి, పదకొండుమందినీ కూచోబెట్టి స్వయంగా పని నేర్పింది. వాళ్ళలో ముద్రణాలయంలో పనిచేసే అమ్మాయి మొదటిసారి క్లౌడ్ కంప్యూటర్ని ఆన్ చేసి, తెరవంక అలాగే చూస్తూ అడిగింది: "అక్కా, ఇది ఇప్పుడు ఏ ఊళ్ళో నడుస్తోంది?"

ఆ సంగతి ఆమెకూ తెలీదు. ఇన్నాళ్ళూ తనెందుకు అడగలేదా అనుకుంటూ పుస్తకం తీసి ఆ ప్రశ్న రాసుకుంది.