ఆరో గడిలో ఎవరి పేరు?

ఆ లాండ్రీలో ఇరవై ఆరేళ్లుగా దుప్పట్లు మడతపెడుతున్న ఆవిడను అందరూ పిన్ని అనే పిలుస్తారు. ఆవిడ కంటే పదేళ్లు పెద్దవాడైన బాయిలర్ మామ కూడా "పిన్నీ" అనే అంటాడు. అదేం వరస మామా అని అడిగితే, "ఇక్కడ ఇన్నేళ్లు నానాక వరసలు కూడా రంగు వెలుస్తాయి" అంటాడు.

పిన్ని మడతలో మూలకు మూల అతికినట్టు కూర్చుంటుంది. ఎవరింటికైనా చూడ్డానికి వెళ్తే, కుర్చీ మీద పడేసిన తువ్వాలును మాటల మధ్యలోనే మడిచేస్తుంది. ఇంటివాళ్లు నొచ్చుకుంటారేమోనని మళ్లీ విప్పి పడేస్తుంది. లేచి వచ్చేముందు మనసు ఆగక ఇంకోసారి మడుస్తుంది.

రోజూ పనిలోకి దిగేముందు దుప్పట్లు ఇస్త్రీ చేసే రోలర్ ఎదుట ఒక్క నిమిషం కళ్లు మూసుకుని నిలబడుతుంది. "స్వామీ, ఈ దుప్పటి మీద పడుకున్నవాళ్లు తమ కాళ్ల మీద ఇంటికి నడిచి వెళ్లేలా చూడు." అంతే ప్రార్థన. అక్కడికి వచ్చేవి ఎక్కువగా ఆస్పత్రి దుప్పట్లు. హోటల్ దుప్పట్లు వచ్చిన రోజు మాత్రం "వీళ్లకు కాస్త శుభ్రంగా తినడం నేర్పించు" అని ఇంకో మాట కలుపుతుందని మామ ప్రచారం చేస్తాడు. పిన్ని ఖండించలేదు.

రోలరుకు ఇటు చివర పిన్ని, అటు చివర నవ్వుల వదిన. ఇద్దరూ చెరో మూల పట్టుకుని తడి దుప్పటిని వేడి రోలర్ల మధ్యకు అందిస్తారు. పంతొమ్మిదేళ్ల జోడీ. వదిన నవ్విందంటే బాయిలర్ ఆవిరి వదిలిందనుకుని కొత్తవాళ్లు ఉలిక్కిపడతారు.

ఒక మంగళవారం ఉదయం వెనక గోడ మీద కొత్త నోటీసు వెలిసింది. అంతకుముందు పనిలో దెబ్బ తగిలితే ఎవరూ ఏమీ అడగకుండా పదిహేను రోజులు జీతంతో సెలవు ఇచ్చేవారు. ఇకనుంచి ఆరు గడుల కాగితం ఒకటి నింపాలి. ఆరో గడిలో, ఎవరి అజాగ్రత్త వల్ల దెబ్బ తగిలిందో పేరు రాయాలి. గడి ఖాళీగా ఉంటే కాగితం చెల్లదు. గాయపడ్డవాళ్లదే తప్పయితే సెలవుకు జీతం లేదు. ఇంకొకరిదైతే గాయపడ్డవాళ్లకు పదిహేను రోజులూ ఇస్తారు. ఆ ఇంకొకరికి మాత్రం ఆ ఏడు జీతం పెరగదు. పైగా జాగ్రత్తల తరగతి పూర్తయ్యేదాకా యంత్రం ముట్టుకోకూడదు.

"అంటే చెయ్యి కాలితే సెలవు కావాలి, సెలవు కావాలంటే పక్కవాళ్ల కొంప కాల్చాలి," అంది వదిన దుప్పటి అందిస్తూనే.

సబ్బుల గది చూసే బాబాయి తల ఊపాడు. "ముందు యూనిఫాం రెండు జతల నుంచి ఒకటి చేశారు. తర్వాత టీ తీసేశారు. ఇప్పుడిది."

"నేను ముప్పై ఒక్కేళ్లుగా చూస్తున్నా," అన్నాడు మామ. "మొదట్లో మన సౌకర్యాలు డబుల్ కాట్ దుప్పటి. కొన్నాళ్లకు సింగిల్ దుప్పటైంది. పోయినేడు తువ్వాలు. ఇప్పుడు చేతిరుమాలు. ఇంకొక్క ఉతుకు పడిందంటే..."

"పడితే?" అన్నాడు బాబాయి.

"బొత్తాం మిగులుతుంది. అదీ మేనేజరు గారి చొక్కాదే."

వదిన నవ్వింది. పిన్ని నవ్వుతూ వెనక గోడ మీది నోటీసు వైపు తల తిప్పింది. దుప్పటి అంచుతో పాటు ఆవిడ కుడిచెయ్యి రోలర్ దాకా వెళ్లిపోయింది. చెయ్యి అంత దగ్గరికి పోకుండా ఆపడానికి అక్కడ ఒక అడ్డుకమ్మీ ఉండాలి. మందపాటి రగ్గులు పట్టడం లేదని ఆఫీసువాళ్లు ఏడు నెలల కిందట దాన్ని విప్పించారు, వచ్చేవారం బిగిస్తామని చెప్పి.

వదిన యంత్రం ఆపే ఎర్రబొత్తాం గుద్దింది. మామ పిన్ని చెయ్యి పట్టుకెళ్లి చల్లటి కుళాయి కింద పెట్టాడు. మేనేజరు మెట్లన్నీ ఒక్క ఊపున దిగి వచ్చి, తన కారులోనే ఆస్పత్రికి తీసుకెళ్లాడు. దారిలో కుదుపులు తగలకుండా తన కుర్చీ దిండు తెచ్చి ఆవిడ మోచేతి కింద పెట్టాడు. ఆ మాట రాయకపోతే ఆయనకు అన్యాయం చేసినట్టవుతుంది.

నాలుగు వేళ్లు కాలాయి. పదిహేను రోజులు తడి, వేడి తగలకూడదని, తగిలితే వేళ్లు బిగుసుకుపోయి మళ్లీ మడతకు పనికిరావని డాక్టరు గట్టిగా చెప్పాడు.

మర్నాడు పిన్ని కట్టుతో, అటూ ఇటూ పోయే జడతో వచ్చింది. జడ వేసింది ఆవిడ భర్త. పెళ్లయ్యాక ఆయన దువ్వెన పట్టడం అదే మొదలు. ఎవరూ నవ్వలేదు, వదినతో సహా. నవ్వు ఆపుకోవడానికి వదిన ఎంత కష్టపడిందో దేవుడికి తెలుసు.

కాగితం ఆ సాయంత్రంలోగా ఇవ్వాలి. ఐదు గడులు తేలిగ్గానే నిండాయి.

"నా పేరు రాసెయ్ పిన్నీ," అంది వదిన.

"నీకు జీతం పెరగకుండా చేసి నేను మంచమెక్కి పడుకోనా? నా పేరే రాసుకుంటాను. తల తిప్పింది నేనేగా."

"అప్పుడు సెలవెక్కడిది? ఆ చేత్తో రేపు రోలర్ దగ్గర నిలబడతావా?"

బాబాయి గొంతు తగ్గించాడు. "పోయినేడు మానేసి వెళ్లిన డ్రైవర్ పేరు రాద్దాం. వాడు లేడు, వాడికి నష్టమూ లేదు."

"అబద్ధం రాయను బాబాయ్. పైనున్నాయన అన్నీ చూస్తాడు."

"పైన ఉన్నది మేనేజరు," అన్నాడు మామ. "ఆయన కళ్లజోడు పెట్టుకుంటేగానీ చూడలేడు. సరే, అబద్ధం వద్దు. నిజమే రాద్దాం. కాకపోతే మొత్తం రాద్దాం. ఇటివ్వు. జోకు వేసింది నేను. నా పేరు."

వదిన కాగితం లాక్కుంది. "నవ్వింది నేను. ఎక్కువ నవ్వింది కూడా నేనే."

"పడితే? అని అడిగింది నేను," అన్నాడు బాబాయి దిగులుగా. "అడక్కపోతే మామ అక్కడితో ఆగేవాడు."

"ఆగేవాణ్ని కాదు. అయినా రాసుకో."

నోటీసును ముందు గోడకు కాకుండా వెనక గోడకు అంటించిన వాచ్‌మన్ తన పేరు రాశాడు. బాగా నవ్వమని వదిన వీపు చరిచినామె తన పేరు రాసింది. ఏడు నెలలుగా కమ్మీ లేదని తెలిసీ నోరెత్తలేదని మిగిలినవాళ్లంతా రాశారు. పిన్ని వద్దు వద్దంటూనే తన పేరు కూడా రాయించింది. లాండ్రీలో ఉన్న పదకొండు మందీ అయ్యారు. గడి చాలక వెనక వైపుకు తిప్పారు. చివర్లో పిన్ని, "ఇంకో ఇద్దరున్నారు, వదిలేస్తే నిజం సగమే అవుతుంది," అంది.

అందరూ మేడెక్కి ఇచ్చిన కాగితాన్ని మేనేజరు కళ్లజోడు పెట్టుకుని చదివాడు. ఒకటి, రెండు, మూడు... వెనక్కి తిప్పాడు. పన్నెండో వరుసలో "నోటీసు రాసినవారు" అని ఉంది. పదమూడో వరుసలో "కమ్మీ విప్పించినవారు".

"ఇవి రెండూ నేనేగా!"

"అందుకే పేరు రాయలేదండీ," అంది పిన్ని వినయంగా. "పెద్దవారి పేరు మీ చేత్తోనే రాస్తే బాగుంటుందని."

"మీరంతా యంత్రం ముట్టుకోకపోతే దుప్పట్లు ఎవరు ఉతుకుతారు?"

"తరగతి అయ్యేదాకా ఎవరూ ముట్టుకోకూడదని మీరే రాశారు సార్," అన్నాడు మామ. "తరగతి ఎవరు చెప్తారు?"

"నేనే."

"మీ పేరూ ఉంది కదండీ. ముందు మీకెవరు చెప్తారు?"

మేనేజరు గడియారం చూశాడు. "ఆస్పత్రి వాళ్లు మధ్యాహ్నానికి దుప్పట్లు అడుగుతారయ్యా!"

"అవి అయిపోయాయి," అంది వదిన. "పొద్దున్నుంచీ తొట్టెల్లో ఉతికి, చేతి ఇస్త్రీపెట్టెలతో చేశాం. పిన్ని స్టూలు మీద కూర్చుని చేయించింది. పాపం, రోగులేం చేశారు? ఆగింది హోటల్ దుప్పట్లే."

ఆయన కిటికీలోంచి కిందకు చూశాడు. హోటల్ మూటలు గుమ్మం దాకా పేరుకున్నాయి. ఫోను రెండుసార్లు మోగి ఆగిపోయింది. ఆయన కలం తీసి పదమూడు వరుసలూ నిలువునా కొట్టేశాడు. ఆరో గడిలో "అడ్డుకమ్మీ లేకపోవడం" అని రాసి, కింద "పదిహేను రోజులు జీతంతో" అని సంతకం పెట్టాడు.

"గోడ మీద నోటీసు సంగతేంటండీ?" అని అడిగింది పిన్ని. "రేపు ఇంకొకరి చెయ్యి కాలితే?"

"అది నా ఒక్కడి చేతిలో లేదమ్మా. ఆరో గడి మార్చమని పైకి రాస్తాను. నిజంగానే రాస్తాను."

"రాసేటప్పుడు టీ సంగతి కూడా..." మొదలుపెట్టాడు బాబాయి. మామ ఆయన్ని మోచేత్తో పొడిచాడు.

అందరూ కిందకు వచ్చారు. సెలవు ఆ క్షణం నుంచే మొదలైందనీ, ఆటో పిలుస్తామనీ అన్నారు. పిన్ని కదల్లేదు. కమ్మీ బిగించేదాకా వెళ్లనంది. "మనం వదిలేసి వెళ్లిపోతే మళ్లీ వచ్చేవారం అంటారు." స్టూలు రోలర్ ఎదురుగా జరిపించుకుని, కట్టున్న చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మేనేజరు పిలిపించిన మెకానిక్ మూడు గంటలకు వచ్చాడు. మొదటి బోల్టు బిగించి లేవబోతుంటే, "ఇంకో మూడున్నాయి నాయనా," అంది.

పదిహేను రోజుల జీతపు సెలవులో మొదటి రోజును పిన్ని అలా లాండ్రీలోనే ఖర్చు చేసింది.