రెండు సంచుల పాండురంగం

దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల దుకాణం నడిపే పాండురంగానికి లోకంలో ఒక్కడే శత్రువు. వాడు మనిషి కాడు. కడుక్కున్న చేతుల మీద బుస్సుమని గాలి ఊదే గోడపెట్టె. పెళ్లికి వెళ్తే పెళ్లికొడుకును చూడడు, దవాఖానకు వెళ్తే రోగిని చూడడు. ముందు తిన్నగా బాత్రూం వైపు నడిచి, అక్కడ జనం చేతులు ఎలా ఆరబెట్టుకుంటున్నారో చూసి, మొహం చిట్లించుకుని వచ్చి తీర్పు చెబుతాడు. ఆ తీర్పు ఇంతవరకు ఏ బాత్రూంకూ అనుకూలంగా రాలేదు.

ఆయన కుడి భుజానికొక సంచి, ఎడమ భుజానికొక సంచి. కుడి సంచిలో ఉతికి ఎండబెట్టి మడత పెట్టిన నూలు దస్తీలు, అదే చేతిరుమాళ్లు. ఎడమ సంచిలో వాడేసిన తడి దస్తీలు. ఎవరైనా పొరపాటున తడి దస్తీని కుడి సంచిలో వేశారా, వాళ్లకు మూడినట్టే. ఆయన పుట్టింది పోచంపల్లి మగ్గాల మధ్య. నేతలో డిజైన్ తప్పి, అమ్మకానికి పనికిరాక పారేసే గుడ్డలను అక్కడి నుంచి తెచ్చి, ముక్కలు చేసి, అంచులు కుట్టించి దస్తీలు చేస్తాడు. అందుకే ఏ దస్తీ మీదా బొమ్మ పూర్తిగా ఉండదు. ఒకదాని మీద ఏనుగు వెనక భాగం, ఇంకోదాని మీద చిలక ముక్కు. తన ఏనుగుకు తల ఏదని ఎవరైనా అడిగితే, ముందు చేతులు తుడుచుకో, ఏనుగు సంగతి ఏనుగు చూసుకుంటది అని కసిరేవాడు.

ఒకసారి కొడుకు నవీన్ ఆయన్ని పెద్ద మాల్‌కు తీసుకెళ్లాడు. బాత్రూంలో సూటు వేసుకున్న మనిషి ఒకాయన గాలి మిషన్ కింద చేతులు పెట్టాడు, తిప్పాడు, రుద్దాడు, మళ్లీ పెట్టాడు. చివరికి విసుగొచ్చి ప్యాంటుకు తుడుచుకుని వెళ్లబోయాడు. పాండురంగం దారికి అడ్డం నిలబడ్డాడు.

"అన్నా, గంత ఖర్చు పెట్టి గోడకు మిషన్ బిగించిన్రు. కరెంటు కాలింది, చెవులు పోయినయి. ఆఖరికి చేతులు తుడిచింది నీ ప్యాంటే గదా. గా ప్యాంటునే గోడకు తగిలిస్తే అయిపోతుండె."

ఆ మనిషి నోరు తెరిచేలోపు ఆయన చేతిలో ఏనుగు తోక ఉన్న దస్తీ పెట్టి, ఆ గది వాసన ఎలాంటిదో ముక్కుకు తెలియదా, అదే గాలిని వేడి చేసి కడిగిన చేతులకు పూసుకోవడం చదువుకున్నవాళ్లకే చెల్లిందని ముగించాడు.

టిష్యూ కాగితం మీదా దయ లేదు. ఒక హోటల్లో ఓ కుర్రాడు పిడికెడు కాగితాలు లాగి చెత్తడబ్బాలో పారేస్తుంటే, పొద్దున మొక్క నాటిన ఫోటో ఫోన్లో పెట్టుంటావు, మధ్యాహ్నం చెట్టుతో చేతులు తుడుచుకుంటున్నావు అన్నాడు. ఆ కుర్రాడు నిజంగానే ఫోటో పెట్టాడట. పాపం, బిర్యానీ సగంలో వదిలేసి వెళ్లిపోయాడు. ఇక హయత్‌నగర్‌లో ఒక పెళ్లిలో వాష్‌బేసిన్ పక్కన మేకుకు వేలాడే తువ్వాలను రెండు వేళ్లతో ఎత్తిపట్టి, ఇది పప్పు, ఇది గోంగూర, ఇది డబల్ కా మీఠా అని చదివి వినిపించాడు. వంటలేమిటో తెలుసుకోవడానికి లోపలికి వెళ్లక్కర్లేదని ఆడపెళ్లివారితో చెప్పి, కుడి సంచి విప్పి పంక్తి మొత్తానికి దస్తీలు పంచాడు.

ఈయన గారింటికి కోడలిగా వచ్చింది రమ్య. హోటల్ మేనేజ్‌మెంట్ చదివిన పిల్ల. నాదర్‌గుల్‌లో వాళ్లింటికి పెళ్లిచూపులకు వచ్చిన రోజే పాండురంగం పిల్లను చూడకముందు వాష్‌బేసిన్ చూశాడు. తరువాత అందరికీ దస్తీలు పంచాడు. రమ్య వంతుకు చిలక ముక్కు వచ్చింది. వాళ్ల నాయన మారయ్య మాత్రం, మనిషి కొంచెం తేడానే గానీ చేతులు శుభ్రంగా ఉన్నాయి, చాలులే అని సంబంధం ఖాయం చేశాడు.

కాపురానికి వచ్చిన కొత్తలోనే రమ్యకూ మామకూ ఈ విషయంలో మాటామాటా వచ్చింది. ఎల్బీనగర్‌లో కొత్తగా కట్టిన ఫంక్షన్ హాల్‌లో ఆమెకు మేనేజర్ ఉద్యోగం దొరికింది. ఉద్యోగమంటే పూర్తి ఉద్యోగం కాదు, హాలు తెరిచేరోజు ఒక్క మాట పడకుండా గడిస్తేనే ఉంచుకుంటామని యజమాని దశరథ ముందే చెప్పాడు. భోజనాల దగ్గర చేతులు ఆరబెట్టుకోవడానికి ఏం పెట్టాలో తేల్చమని మొదటి పనిగా ఆమెకే అప్పగించాడు. ఏది ఎంత శుభ్రం, ఏది ఎంత చెత్త పోస్తుంది, ఏది ఎంత కరెంటు తింటుందని రమ్య నాలుగు రోజులు చదివి, కాగితంకంటే మిషన్ మేలని తేల్చింది. ఆ సంగతి రాత్రి అన్నాల దగ్గర చెప్పడమే ఆమె చేసిన తప్పు. పాండురంగం ఒంటికాలి మీద లేచాడు. రమ్య కూడా తగ్గలేదు.

"మీ దస్తీలు మాత్రం ఆకాశంల నుంచి ఊడిపడ్డయా మామయ్యా? ఉతికేతందుకు నీళ్లు గావాలె, సబ్బు గావాలె. పత్తి పండాలంటే ఎన్ని నీళ్లు పట్టాలె? తడి దస్తీ జేబుల పెట్టుకుని తిరిగితే దానంత మురికిది ఇంకోటి లేదు."

ఆయన్ని మాటతో ఆపినవాళ్లు అంతవరకు లేరు. మర్నాడంతా డాబా మీద దస్తీలు ఎండబెడుతూ ఆలోచించి, సాయంత్రం దిగివచ్చి, పత్తి నీళ్ల సంగతి నిజమేనని ఒప్పుకున్నాడు. కానీ ఇవి ఎలాగూ పారేసే గుడ్డలు, వీటికోసం కొత్తగా పత్తి పండించలేదు, జేబులో తడిగుడ్డ దాచుకునేవాడి సంగతి వాడిని అడుగు, నాకు రెండు సంచులున్నాయి, ఎండకు కరెంటు బిల్లు రాదు అని వరసగా అప్పజెప్పాడు. మూలన కూర్చున్న అత్త శివమ్మ నవ్వుకుంది.

శివమ్మ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. పోచంపల్లిలో వయసంతా నూలుకు ముడులు కట్టి రంగుల్లో ముంచే పని చేసింది. గోళ్లు నల్లనీలంగా మారిపోయి, అరచేతులు చేను బీటలిచ్చినట్టు పగిలి ఉంటాయి. రాత్రిళ్లు కొబ్బరినూనె రాసుకుంటుంది. ఇంట్లో ఆ చేతులతోనే రొట్టెలు చేస్తుంది, రమ్యకు జడ వేస్తుంది. కాబట్టి రమ్య వాటి గురించి ఎన్నడూ ఆలోచించలేదు. గడప దాటగానే అత్త చేతులు కొంగులోకి వెళ్లిపోతాయని మాత్రం గమనించింది. అదొక అలవాటు అనుకుంది.

హాలు తెరిచే రోజు దగ్గరపడేకొద్దీ రమ్యకు నిద్ర పట్టలేదు. యజమాని ఆమె ఇంటిల్లిపాదినీ పిలిచాడు. మామ ఆ రెండు సంచులతో దిగి, ఆమె ఎంచుకున్న మిషన్ల ముందే నిలబడి తీర్పు చెబితే ఉద్యోగం ఆ పూటతో సరి. చివరికి మొహమాటం చంపుకుని, ఆ ఒక్కరోజుకు సంచులు ఇంట్లో పెట్టి రమ్మని మామనే అడిగింది. ఆయన సరే, సంచులు తేను అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు రమ్య సంతోషించింది. ఆ మనిషిని ఎరిగినవాళ్లెవరైనా భయపడేవాళ్లు. శివమ్మ మోకాళ్ల నొప్పి అని తప్పించుకోబోయింది గానీ, కోడలు పట్టుబట్టి బయలుదేరదీసింది.

ఆ హాలు గురించి చెప్పాలంటే, ముందు ఒక ఫౌంటెన్, అందులో సిమెంటు హంస, హంస నోట్లోంచి గులాబీరంగు నీళ్లు. దశరథ తాత జొన్నలు పండించిన చేను అది. జొన్నలే అందంగా ఉండేవి. లోపల చేతులు కడిగేచోట వరసగా నీలం లైట్ల మిషన్లు, వాటి ముందు పెళ్లికూతురి గదికంటే ఎక్కువ అద్దాలు. పాండురంగం నిజంగానే సంచులు లేకుండా వచ్చాడు. మిషన్లవైపు చూసి పళ్లు బిగించి, ఏమీ అనకుండా భోజనానికి కూర్చున్నాడు. ఆయన పొట్ట ఆరోజు కొంచెం పెద్దదిగా కనిపించింది. పట్టుచొక్కా వల్ల అనుకుంది రమ్య.

భోజనాలయ్యాక శివమ్మ చేతులు కడుక్కుని కొంగుకు తుడుచుకోబోతుంటే రమ్య ఆపింది. తాను ఎంచుకున్న మిషన్‌ను అత్తకు చూపించాలని ఆమె ముచ్చట. చేయిపట్టి తీసుకెళ్లి, రెండు చేతులూ కింద పెట్టించింది. వేడిగాలి పగుళ్లలోకి కొట్టింది. శివమ్మ పంటి బిగువున ఓర్చుకుంది. నీలం వెలుగులో ఆ గోళ్లు, ఆ బీటలు పది గజాల దూరానికి కూడా కనిపించాయి. పక్కన చేతులు కడుగుతున్న యజమాని భార్య సూర్యప్రభ రెండడుగులు వెనక్కి వేసింది. ఆమె కట్టింది పోచంపల్లి పట్టుచీరే, అదీ నిండు నీలం.

"ఏంది గా చేతులు? అంటుకునే రోగమా? రమ్యా, గా మిషన్ కాడికి ఎవ్వరిని రానియ్యకు."

శివమ్మ చేతులు కొంగులోకి వెళ్లిపోయాయి. అక్కడున్న ఆడవాళ్లంతా ఆ కొంగువైపే చూస్తున్నారు. రమ్యకు తల కొట్టేసినట్టయింది. నోరు విప్పితే ఉద్యోగం పోతుంది, విప్పకపోతే అత్త మొహం ఎలా చూడాలి? అంతలో వెనకనుంచి హాలు అదిరేలా పాండురంగం గొంతు వినిపించింది.

"ఎవడు పెట్టిండు గీ బుసకొట్టే డబ్బాలు? పెండ్లి హాలా, రైస్ మిల్లా?"

అందరి తలలూ అటు తిరిగాయి. ఆయన ఒక్కొక్క మిషన్ కింద చేయి పెడుతూ, ఒక్కొక్కదాన్నీ తిట్టిపోస్తూ, పట్టుచొక్కా పైకెత్తాడు. నడుము చుట్టూ దస్తీలే. సంచులు తేనన్నాడు గానీ దస్తీలు తేనని అనలేదు. ఒక్కొక్కటీ లాగి ఎదురొచ్చిన ప్రతి చేతిలోనూ పెట్టుకుంటూ పోయాడు. దస్తీలు తగ్గేకొద్దీ పొట్ట తగ్గిపోతుంటే జనం నవ్వుతున్నారు. పిచ్చోడని ఎవరో అన్నారు. సూర్యప్రభకు ఏనుగు వెనక భాగం దొరికింది. ఆ తరువాత ఎవరెవరికో ఇస్తూ, ఇస్తూ, వరసలో నిలబడ్డ పరాయిదానికి ఇచ్చినట్టు శివమ్మకొకటి ఇచ్చి, ఆగకుండా ముందుకు సాగిపోయాడు. శివమ్మ కొంగులోంచి చేతులు తీసి, అందరితోపాటు నెమ్మదిగా అద్దుకుంది. ఇప్పుడు ఆమెవైపు ఎవరూ చూడటం లేదు. అందరి చేతుల్లోనూ దస్తీలున్నాయి.

రమ్య చూసింది. కొత్తకోడలిగా తానూ వెళ్లిన హయత్‌నగర్ పెళ్లి గుర్తొచ్చింది, తన పెళ్లిచూపులు గుర్తొచ్చాయి. ఆయన ఎక్కడ పంచినా అత్త వంతు మొదట రాదు, చివర రాదు, ఎప్పుడూ మధ్యలో ఎక్కడో వస్తుంది. ఆమె వెళ్లి సూర్యప్రభ ఎదురుగా నిలబడింది.

"రోగం కాదు మేడం. మీరు కట్టుకున్న చీరెకు రంగులద్దేటోళ్ల చేతులు గిట్లనే ఉంటయి. ఆమె మా అత్తమ్మ."

సూర్యప్రభ తన చీర వైపు చూసుకుంది, శివమ్మ చేతుల వైపు చూసింది, ఏనుగు వెనక భాగంతో చేతులు మళ్లీ తుడుచుకుంది. ఇక ఉద్యోగం పోయినట్టేనని రమ్య అనుకుంటుండగా దశరథ పరుగెత్తుకొచ్చాడు. కానీ ఆయన వెనకే చుట్టాల గుంపు కూడా వచ్చింది. ఈ ఊళ్లో శుభకార్యంలో చేతికి గుడ్డ ముక్క ఇస్తే అది రిటర్న్ గిఫ్టే, వేరే అర్థం లేదు. వాళ్లకిచ్చి మాకెందుకు ఇవ్వలేదని ఒక పెద్దావిడ నిలదీసింది. ఇంకొకామె చిలక ఉన్నది కావాలంది. పోచంపల్లి నేత, చేతికి ఎంత మెత్తగా ఉందో అని ఒకాయన దశరథ భుజం తట్టి మెచ్చుకున్నాడు. దశరథ వ్యాపారస్థుడు. ఒక్క క్షణం ఆలోచించి, మా హాల్ స్పెషల్, అన్నీ బాగా ఆలోచించే పెట్టామని చెప్పుకున్నాడు. తరువాత రమ్యను పక్కకు పిలిచి, ఇవి ప్రతి ఫంక్షన్‌కూ దొరుకుతాయా అని మెల్లగా అడిగాడు. ఉద్యోగం నిలిచింది. మిషన్లు ఇప్పటికీ ఆ గోడకే ఉన్నాయి. పెళ్లివాళ్లు వాటిమీద పూలబుట్టలు పెట్టుకుంటారు.

తిరిగి వస్తుంటే ఆటోలో శివమ్మ కునుకు తీసింది. అత్తమ్మకు ఒక్కదానికే ముందుగా ఒకటి ఇస్తే సరిపోదా, ఊరందరికీ పంచి తిట్లు తినడం ఎందుకని రమ్య మామను అడిగింది. ఆయన గొంతు తగ్గించాడు.

"ఒక్కదానికే ఇస్తే, దానికేదో రోగముందంటరు బిడ్డా. అందరికి ఇస్తే పాండురంగానికి పిచ్చి అంటరు. పిచ్చి అంటే నాకు నడుస్తది."

మూసుకున్న కళ్లతోనే శివమ్మ నవ్వింది. ఆయన చూడలేదు, రమ్య చూసింది.

ఇప్పుడు ఎక్కడికి వెళ్లినా ఎడమ సంచి రమ్య భుజాన ఉంటుంది. కుడి సంచి ఇంకా ఆయన దగ్గరే, అంత తొందరగా ఎవరినీ నమ్మే రకం కాదు. మొన్నొక రోజు డాబా మీద ఎండిన దస్తీలు మడత పెడుతుంటే రమ్యకు ఒకటి చేతికి తగిలింది. మిగతావాటికంటే మెత్తనిది. దాని మీద చిలక ముక్కు నుంచి తోకదాకా పూర్తిగా ఉంది. ఆమె దాన్ని తీసి, అత్త వంతు వచ్చేచోట, దొంతర మధ్యలో పెట్టింది. అంచు కలవలేదు, నీ చదువుకు మడతలు కూడా నేర్పలేదా అని వెనకనుంచి పాండురంగం విసుక్కుని, దొంతరంతా విప్పి, మళ్లీ మడిచి, ఆ చిలకను తిరిగి అక్కడే పెట్టాడు.