బొటనవేలి కింద దారం

విజయవాడలో గాలాల సామాను అమ్మే కొట్లో, గాలం దారం చుట్టే చిన్న బెయిట్‌కాస్టింగ్ రీలు ఒకటి పట్టుకుని నిలబడ్డప్పుడు నాకు భయం మొదలైంది. కొట్టతను రీలును పొట్టి రాడ్‌కు బిగించి, దారం చివర నాలుగు గ్రాముల ఎర కట్టి ఇచ్చాడు. "బటన్ నొక్కండి సార్. ఎర కిందికి జారుతుంది. నేలను తాకగానే బొటనవేలితో ఈ దారం చుట్టిన స్పూలును తాకీ తాకనట్టు ఆపండి" అన్నాడు. నొక్కాను. ఎర జారి నేలను తాకింది. స్పూలు మాత్రం తిరుగుతూనే ఉంది. దారం పైకి ఉబ్బి చిక్కుపడింది. నా వేలు అప్పటికి దాని మీదే ఉంది. స్పూలు తిరుగుతున్న సంగతి నా కళ్లు చెప్పాయి గాని వేలు చెప్పలేదు.

"వేలికి తెలుస్తోందా సార్?" అని అడిగాడతను.

"తెలుస్తోంది" అన్నాను. వ్యాపారంలో పుట్టి పెరిగినవాణ్ణి. బేరంలో నోటికొచ్చే అబద్ధాలకు లెక్కలేదు. ఈ అబద్ధం మాత్రం చెప్పి, తల వంచుకుని దారం చిక్కు తీయడం మొదలుపెట్టాను.

అసలు నాకు రీలుతో పనేమిటో చెప్పాలి. మాది గురజాలలో పత్తి కొనే కొట్టు. మా ఇంట్లో చేప పేరెత్తితేనే మా ఆవిడ పమిట చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటుంది. అలాంటి కొంపలో పుట్టి గాలం పట్టానంటే కారణం ఒక రైతు. మాచవరం అవతల కృష్ణ వెనక్కి తన్నిన నీళ్ల ఒడ్డున ఆయనకు పొలముంది. నాకంటే నాలుగేళ్లు పెద్ద. పత్తి ఎప్పుడూ నాకే తోలేవాడు. ఒకసారి పొలం చూద్దామని పోతే ఆయన గట్టు మీద కూర్చుని గాలమేసి ఉన్నాడు. సరదాకి నా చేతికిచ్చాడు. ఆ దారం అవతలి కొసన ఏదో ప్రాణం గుంజడం వేళ్లకు తెలిసిన క్షణం నాకు పిచ్చి పట్టింది. పట్టినదాన్ని వదిలేసేవాణ్ణి. ఆయన పంపుసెట్టు కింద స్నానం చేసి గాని ఇంటికి పోయేవాణ్ణి కాదు. "వదిలేసేదానికి పట్టడం ఎందుకండీ?" అని మా ఆవిడ ఈ రోజుకీ అడుగుతూనే ఉంది.

మొదట్లో నేను కొన్న రీలు కథ తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. కొట్లో నాలుగు రీళ్లు ముందు పెడితే, నాలుగింటినీ అరచేతుల్లో మార్చి మార్చి ఎత్తి చూసి, అన్నిటికంటే బరువైనదాన్ని తీసుకున్నాను. మా వంశంలో అందరిదీ అదే పద్ధతి. గిన్నె కొన్నా, తాళం కొన్నా, బరువుంటేనే మంచి సరుకు. ఇంటికి తెచ్చి కాటా మీద కూడా పెట్టి చూసుకుని మురిసిపోయాను. ఒడ్డుకు పోయి విసిరితే ఎర నా కాళ్ల దగ్గరే పడింది. మళ్లీ విసిరితే మళ్లీ అక్కడే. ఆ రైతు గట్టు మీద పడి పడి నవ్వాడు.

"ఏంది శెట్టీ, బావిలో బొక్కెన తోడే గిలక తెచ్చావా?" అన్నాడు. రీలును ఆయన గిలక అనే అంటాడు.

తర్వాత తెలిసింది. అంత బరువు స్పూలును తిప్పే సత్తా అంత చిన్న ఎరకు ఉండదు. అక్కడ ఉండేవి ఎక్కువగా మట్టగిడసలు, జానెడు చేపలు. వాటికి పెద్ద ఎర పనికిరాదు. చిన్న ఎరకు చిన్న రీలు కావాలి. స్పూలు తేలిగ్గా, లోతు తక్కువగా ఉండాలి, దారం సన్నగా, కొంచెమే చుట్టాలి. ఇదంతా విజయవాడ కొట్టతనే చెప్పాడు. ఇంకొకటి కూడా చెప్పాడు. ఈ రకం రీలులో ఎర ఎగిరేటప్పుడు స్పూలు కూడా తిరుగుతుంది. ఎర నెమ్మదించినా స్పూలు నెమ్మదించదు. అప్పుడు దాన్ని అదుపులో పెట్టేది బొటనవేలు. ఎర ఎంత తేలికైతే వేలు అంత సున్నితంగా ఉండాలి.

"మీకేం సార్, పత్తి చూసే చెయ్యి" అని కూడా అన్నాడు.

నిజమే, ఆ చెయ్యే మా కొట్టు. పింజ పొడవు వెలుగులో పట్టుకుని కళ్లతో చూడొచ్చు. తేమ అలా కాదు. మూటలోకి కుడి చెయ్యి మోచేతి దాకా దూర్చి, అడుగునున్న పత్తిని బొటనవేలితో నలిపి చూడాలి. అక్కడ కళ్లకు పని లేదు. తేమ చూసే మెషీను కొన్నాను గాని, అది బయటకు తీస్తే రైతులు మొహం ముడుచుకుంటారు. "నీ చెయ్యి చెప్పాలయ్యా, డబ్బా చెబితే మాకెందుకు?" అంటారు. మా నాన్న చెయ్యి పెట్టి చెప్పిన మాటకు ఎదురు ఉండేది కాదు. ఆయన తర్వాత ఆ మాట నాది.

మా నాన్నకు పక్షవాతం వచ్చింది. దానికి ముందు కొన్నాళ్లు వేళ్లు మొద్దుబారుతున్నాయని ఎవరికీ చెప్పలేదు. ఒక పొద్దున కాఫీ గ్లాసు చేతిలోంచి జారింది. ఆ తర్వాత ఆయన కొట్టు గడప ఎక్కలేదు. విజయవాడ కొట్లో ఆ రీలు పట్టుకుని నిలబడ్డప్పుడు నా కళ్ల ముందు కదిలింది ఆ గ్లాసే.

అందుకని ఆ రోజు నేను రీలు ఎంచిన తీరు వేరు. కొట్టతను మొత్తం మూడు చూపించాడు. ఒకటి బాగా తేలిక, బ్రేకు పేరుకే ఉంది, పనంతా వేలిదే. దూరం పోవాలంటే అదే మంచిదన్నాడు. ఇంకొకటి మధ్యరకం. మూడోదానికి అయస్కాంతం బ్రేకు గట్టిగా ఉంది. బ్రేకు చక్రాన్ని చివరి దాకా తిప్పితే వేలు పెట్టకపోయినా దారం చిక్కుపడదట. "అది నేర్చుకునే వాళ్లకు సార్. బ్రేకు అంత బిగిస్తే తేలిక ఎర నాలుగు బారలు కూడా పోదు. మీకెందుకు?" అన్నాడు. నేను అదే కావాలన్నాను. మొద్దుబారిన వేలిని దాచిపెట్టే రీలు కావాలి నాకు. ఎర ఎంత దూరం పోతే నాకేం. మళ్లీ వేలు పెట్టి చూడమంటాడేమోనని భయమేసి పెట్టె చంకన పెట్టుకుని బయటపడ్డాను.

ఇంటికొచ్చాక నా పరీక్షలు మొదలయ్యాయి. స్నానాల గదిలో గడియ పెట్టుకుని బొటనవేలిని పంటితో కొరికి చూసుకునేవాణ్ణి. గుండుసూదితో గుచ్చేవాణ్ణి. కొన్ని రోజులు కొంచెం తెలిసేది, ఆ రోజు పండగ. కొన్ని రోజులు ఏమీ తెలిసేది కాదు, ఆ రోజు అన్నం సహించేది కాదు. రెండు నెలలకు మొద్దుతనం పక్క రెండు వేళ్లకు పాకింది. తర్వాత మణికట్టు దాకా వచ్చింది. డాక్టరు దగ్గరికి పోవచ్చు గదా అంటారు. పోతే పేరు పెట్టి చెప్తాడు. పేరు తెలియనంత కాలం అది రాలేదని అనుకోవచ్చు. అప్పట్లో నా తెలివి అంతవరకే పనిచేసింది.

మా ఆవిడ ఒకరోజు నా చొక్కా గుండీలు పెడుతూ, "ఏమండీ, మీరీమధ్య గుండీలు పెట్టుకోవడానికి ఇంతసేపు తీసుకుంటున్నారేంటి?" అంది. గుండీలు కొత్తవి, బిగుతుగా ఉన్నాయన్నాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ దగ్గర అంత సులువుగా అబద్ధం చెల్లిపోవడం నాకే దిగులు పుట్టించింది.

కొత్త రీలు తీసుకుని ఒక ఆదివారం పొద్దున్నే ఒడ్డుకు పోయాను. బ్రేకు చివరి దాకా బిగించాను. ఎర కాస్త దూరంలోనే పడిపోయింది. పక్కన రైతు విసిరిన మామూలు గాలం కూడా అంతకంటే దూరం పోయింది. "ఆ బ్రేకు వదులు చెయ్యి శెట్టీ, పట్టేసినట్టుంది" అన్నాడు. చెయ్యనంటే అనుమానం వస్తుందేమోనని వదులు చేశాను. అంతే. విసిరిన ప్రతిసారీ స్పూలు మీద దారం గుట్టగా లేచింది. ఆయన ఓపిగ్గా చిక్కు తీసేవాడు, నేను మళ్లీ చిక్కు చేసేవాణ్ణి.

"ఈ రీలు మంచిది కాదన్నా. దారం కూడా మరీ సన్నం" అన్నాను.

ఆయన రీలు తీసుకుని ఒకసారి విసిరాడు. ఆయన అంతకుముందు ఆ రకం రీలు పట్టినవాడు కాదు. ఎర సన్నగా ఈల వేస్తూ పోయి తుంగ పక్కన పడింది. ఒక్క పోగు కూడా చిక్కుపడలేదు. ఆయన నన్ను చూశాడు. నేను నీళ్లను చూశాను.

"గిలక బాగానే ఉంది" అన్నాడు మెల్లగా.

నేను లాక్కుని, కసి కొద్దీ గట్టిగా విసిరాను. ఆయన ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకున్నాడు. "శెట్టీ, నెత్తురు" అన్నాడు. చూసుకుంటే దారం బొటనవేలిని కోసేసింది. స్పూలంతా ఎర్రగా ఉంది. చుక్కలు నా పంచె మీద కూడా పడ్డాయి. నాకు నొప్పి లేదు. ఇంత కోత పడి నొప్పి లేకపోవడం ఎంత భయంకరమో ఆ రోజు తెలిసింది. రీలు పక్కన పెట్టి గట్టు మీద కూర్చున్నాను.

"తెలుసులే, చిన్న గీత" అన్నాను. ఆయన తలగుడ్డ చించి వేలికి కట్టాడు. ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే ఇంకో అబద్ధం చెప్పేవాణ్ణి.

పత్తి తీతలు మొదలయ్యాయి. రోజూ కొట్టు ముందు మూటలు దిగేవి. నేను కుడి చెయ్యి దూర్చేవాణ్ణి, ఆలోచిస్తున్నట్టు తల ఊపేవాణ్ణి, రైతు మొహం చూసేవాణ్ణి. మొహం తేటగా ఉంటే పొడి అనేవాణ్ణి, చూపు తప్పిస్తే తడి అనేవాణ్ణి. చాలాసార్లు సరిపోయేది. సరిపోనప్పుడు ఎవరి నోట్లో మట్టి కొట్టానో నాకు తెలియదు. మంచి పత్తిని తడి అన్నానేమోనన్న ఆలోచన అన్నం దగ్గర కూర్చున్నప్పుడు వచ్చేది.

ఒక పొద్దున ఆ రైతు ఒక్క మూట తెచ్చి కొట్టు అరుగు మీద దించాడు. అప్పటికే మూటలతో ఇద్దరు రైతులు కూర్చుని ఉన్నారు. "ముందు నాది చూడు" అన్నాడు. చెయ్యి దూర్చాను. అడుగు దాకా పోయి నలిపాను. ఆయన మొహం చూశాను. తేటగా, ఏ కల్మషమూ లేకుండా ఉంది.

"పొడిగా ఉందన్నా. మంచి సరుకు" అన్నాను.

ఆయన నా కుడి చెయ్యి పట్టుకుని మూటలోంచి బయటకు తీశాడు. "ఎడమ చెయ్యి పెట్టు" అన్నాడు.

కూర్చున్న ఇద్దరూ తలెత్తారు. రైతు ఇంటికొచ్చిన పంట లక్ష్మి. దాని మీద ఎడమ చెయ్యి పెట్టిన వ్యాపారి గుమ్మం మళ్లీ ఎవరూ తొక్కరు. మా నాన్న ఎడమ చెయ్యి ఎప్పుడూ వెనక్కి పెట్టుకునే మూటల దగ్గరికి వెళ్లేవాడు.

"నీ పంట మీద ఎడమ చెయ్యి పెట్టమంటావేందన్నా?" అన్నాను.

"పంట నాది. నేను చెప్తన్నా, పెట్టు."

పెట్టాను. పైన పొడిగా ఉంది. జానెడు లోతుకు పోగానే చల్లగా తగిలింది. ఇంకా కిందికి పోతే పత్తి వేళ్లకు అంటుకుంది. బొటనవేలితో నలిపితే గింజ మెత్తబడిందని కూడా తెలిసింది. అన్నీ తెలిశాయి. ఎన్నాళ్ల తర్వాతో చేతికి ఒకటి తగలడం, అది నాకు తెలియడం.

"తడిగా ఉంది" అన్నాను. "చానా తడి. ఇది నేను కొననన్నా."

"కొనొద్దు. నిన్న నేనే నీళ్లు చల్లి కట్టా" అన్నాడు. "గిలక తప్పు కాదని ఆ రోజే తెలిసింది. అడిగితే నువ్వు చెప్పవు. ఎన్నాళ్ల నుంచి ఇట్టా?"

"ఆరు నెలలు. నాన్నకు కూడా ఇట్టాగే మొదలైంది" అన్నాను. ఆ మాట బయటికి రాగానే ఏడుపు ఆగలేదు. నా అరుగు మీద, నా బేరగాళ్ల ముందు, కుడి చేతిని ఒళ్లో పెట్టుకుని ఏడ్చాను. ఆయన నా పక్కన కూర్చుని, మధ్యాహ్నం బస్సుకు ఇద్దరం గుంటూరు ఆస్పత్రికి పోతున్నామని, ఇంట్లో నేను చెప్పకపోతే తానే చెప్తానని అన్నాడు.

కూర్చున్న ఇద్దరిలో ఒకాయన లేచాడు. పోయిన నెల ఆయన పత్తిని తడి అని వెనక్కి పంపాను. అది తడో పొడో ఆ రోజు నాకు తెలియదు, ఇప్పుడూ తెలియదు. ఆయన తన మూట భుజానికెత్తుకుని వెళ్లిపోతాడనుకున్నాను. మూట మూతి కట్టిన తాడు విప్పి, నా ఎడమ వైపుకు జరిపాడు.

"నాది మళ్లీ చూడు శెట్టిగారూ" అన్నాడు. "ఈసారి నిజం చెప్పు."