బంద్ రోజు తెగని లింకు

2011లో సుమయ్య శామీర్‌పేట దగ్గర ఒక విశ్వవిద్యాలయంలో నెట్‌వర్కు చూసుకునేది. కండ్లకోయలో వాళ్లకు రెండో ప్రాంగణం ఉంది. రెండింటి మధ్య కేబుల్ లేదు. ఇక్కడి డాబా మీద గొడుగులాంటి ఒక యాంటెనా, అక్కడి డాబా మీద ఇంకోటి, నడుమ గాలి. విద్యార్థుల హాజరు, మార్కులు, లైబ్రరీ అన్నీ ఆ గాలిలోంచే వెళ్లేవి.

వేసవిలో ఆ లింకు పగటిపూట తెగడం మొదలైంది. కాసేపు పోతుంది, దానంతటదే వస్తుంది. గొడుగులు మార్చారు, కరెంటు సరిచూశారు. లాభం లేదు. బయటి కంపెనీని పిలుద్దామన్నారు పైవాళ్లు. సుమయ్యకు మనసొప్పలేదు. అసలు సంగతేమిటో తెలిస్తే గానీ ఆమెకు అన్నం సహించేలా లేదు.

తండ్రి బాబా మియా మేడ్చల్‌లో బోరు మోటార్లు బాగుచేస్తాడు. కూతురి గోడు విని, "ఎప్పుడు ఖరాబైతాందో చెప్తనే ఉన్నవ్ బేటీ. ఎప్పుడు మంచిగ నడుస్తాందో చెప్పు" అన్నాడు.

మర్నాడు సర్వర్లో పాత రికార్డులు తిరగేసింది. తెలంగాణ కోసం బంద్ జరిగిన రోజుల్లో లింకు ఒక్కసారీ తెగలేదు. అంటే ఇది ఎండా కాదు, యంత్రమూ కాదు. మనుషులు పనిలోకి వచ్చిన రోజునే జరిగేదేదో.

బైనాక్యులర్స్ పట్టుకుని కండ్లకోయ డాబా ఎక్కింది. హైవే పక్కన అపార్టుమెంటు లేస్తోంది. క్రేను చెయ్యి బరువుతో మెల్లగా తిరిగి, సరిగ్గా శామీర్‌పేట దిక్కుకు అడ్డంగా ఆగింది. జేబులో ఫోన్ మోగింది. "మేడం, మళ్లీ పోయింది." ఆమెకు నవ్వు ఆగలేదు.

కిందికి దిగేసరికి ఆ నవ్వు పోయింది. రేపు ఆ భవనమే పైకి లేస్తే లింకు ఇక ఎప్పటికీ రాదు. నేరుగా యజమాని పర్వతాలు దగ్గరికి వెళ్లింది. ఒకప్పుడు ఆ భూమిలోనే వరి పండించిన మనిషి.

"క్రేను ఆపుమంటె నాతోని కాదు బిడ్డా."

"ఆపొద్దు కాకా. మీ బిల్డింగు పూర్తయినంక పైన మా గొడుగు పెట్టుకోనియ్యుండ్రి, చాలు. అక్కడ అందుకొని ఇటు పంపుతది."

"దాంట్లకెల్లి ఏం పోతది?"

"పిల్లల మార్కులు, పుస్తకాలు."

పర్వతాలు ఆకాశం వైపు చూశాడు. "ఏం కనవడ్తలేదు గద."

"నాక్కూడ కనవడలే. మీ క్రేను అడ్డమొచ్చినంకనే తెలిసింది."

ఆయన ఒప్పుకున్నాడు. పరీక్షల సమయంలో క్రేను అటు తిప్పొద్దని మేస్త్రీకి చెప్పాడు కూడా. పై స్లాబు పడ్డాక గొడుగు ఎక్కింది, లింకు నిలబడింది. అప్పుడప్పుడు సాయంత్రం పర్వతాలు మిద్దె ఎక్కి ఫోన్ చేసేవాడు.

"ఇప్పుడేం పోతాంది బిడ్డా?"

సుమయ్య స్క్రీను చూసి చెప్పేది.